డిస్కు చెడినను దస్త్రము చెడరాదు

(పొదిలిలో సమావేశమైన గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగపాఠము)



మిరప కళ్లములు ఎత్తివేసి, పొగాకు వేలములు జరుగుచున్న ఈ దినములలో మీకు తీరిక దొరకుట కష్టము. అయినను మా మాట వినుటకు ఇందరు వచ్చినందులకు మిక్కిలి సంతోషము. నేడు మేము మాటలాడదలచిన విషయము కంప్యూటరులోని డిస్కులు చెడిపోయినపుడు వాటిలోని సమాచారమును తిరిగి రాబట్టుకొనుట. 'ఇది పట్టణములలోని ఇంజనీర్లకు చెప్పవలసిన మాట గాని మాకేల?' అని మీలో కొందరికి తోచవచ్చును. ఒక్క నిమిషము ఆలోచింపుడు. మీ గ్రామములోని రచ్చబండ పోయినను తిరిగి కట్టుకొనవచ్చును. మంచినీటి గొట్టము పగిలినను అతికించుకొనవచ్చును. కాని ఏ కాలువ ఎచట మలుపు తిరుగునో, ఏ స్థలము ఊరుమ్మడిదో తెలుపు దస్త్రము పోయినచో, దానిని ఏ మేస్త్రీయు తిరిగి కట్టలేడు.

దస్త్రములు పోవుట క్రొత్త కాదు

మన గ్రామములలో పూర్వము కరణములు కవిలెలు వ్రాసెడివారు. గ్రామ చరిత్ర, సరిహద్దులు, మాన్యములు, దేవాలయముల ఈనాములు అన్నియు వాటిలోనే యుండెడివి. రెండు వందల సంవత్సరముల క్రిందట కర్నల్ కాలిన్ మెకంజీ అను దొర, కావలి బొర్రయ్య, ఆతని సోదరుడు లక్ష్మయ్య మొదలగు తెలుగు పండితుల సహాయముతో ఊరూరి కవిలెలనుండి కైఫీయతులు వ్రాయించెను. తరువాత ఆ కాగితములు శిథిలమగుచుండగా సి. పి. బ్రౌను వాటికి ప్రతులు వ్రాయించెను. ఆ ఊళ్లలోని అసలు కవిలెలు ఎన్నో పురుగుల పాలు, వానల పాలు అయినవి. అయినను గుంటూరు మండల గ్రామముల కథలు నేడు మనకు తెలియుచున్నవనిన, ఎవరో శ్రమపడి రెండవ ప్రతిని వేరొక చోట ఉంచుటయే కారణము. ఈ ఒక్క మాటను మనస్సున ఉంచుకొనుడు. నేటి ప్రసంగమంతయు దీనికి వ్యాఖ్యానమే.

1984 జనవరిలో కరణీకపు ఉద్యోగములు రద్దయినవి. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములలోనికి కంప్యూటర్లు వచ్చినవి. 2019 అక్టోబరు 2వ తేదీన రాష్ట్రమున గ్రామ సచివాలయముల వ్యవస్థ ప్రారంభమైనది. 2020 ఏప్రిల్ 24వ తేదీన పంచాయతీల లెక్కలకై ఈ-గ్రామ స్వరాజ్ ఏర్పడినది. ప్రభుత్వపు జాలములలో చేర్చిన లెక్కలను కాపాడు బాధ్యత ఆయా కేంద్రములలోని నిపుణులది. కాని పంచాయతీ గదిలో బల్లమీదనున్న కంప్యూటరులో మాత్రమే ఉండునవి కొన్ని కలవు. చెరువు కట్ట తీసిన ఛాయాచిత్రములు, పాత తీర్మానముల నకళ్లు, గొట్టముల పటములు, వీధి దీపముల జాబితాలు, పై అధికారులకు వ్రాసిన ఉత్తరములు ఇట్టివి. వీటిని కాపాడు బాధ్యత మనది.

డిస్కు అననేమి?

కంప్యూటరు తాను గుర్తుంచుకొనవలసిన దానినంతయు డిస్కుమీద వ్రాసికొనును. మన మార్కాపురపు పలకపై బలపముతో వ్రాసినట్లే, డిస్కులోని గుండ్రని పలకలపై అయస్కాంతపు గుర్తులు వ్రాయబడును. మొదటి హార్డుడిస్కు యంత్రమును ఐ.బి.ఎం. వారు 1956లో, అనగా మన ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరముననే, లోకమునకు చూపిరి. అందులో 24 అంగుళముల వెడల్పు గల పలకలు 50 ఉండెడివి. బీరువాకంటె పెద్దదైన ఆ యంత్రమంతయు కలిసి 50 లక్షల అక్షరములు మాత్రము పట్టెడిది. నేడు అరచేతిలో ఇమిడెడి డిస్కులో దానికి లక్షల రెట్లు పట్టుచున్నది.

ఇంత చిన్న వస్తువులో ఇంత సమాచారము ఇమిడినందున దాని సౌకుమార్యమును అంతే. పలక నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు తిరుగుచుండగా, చదువు సూది దానికి తగులకుండ గాలిపై తేలుచుండును. ఆ రెంటి నడుమనున్న ఎడము మన తలవెండ్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ. మన ప్రాంతపు ఎండలు, పత్తి మిల్లుల దూది నలుసులు, క్షణక్షణము ఎగుడుదిగుడగు కరెంటు ఈ యంత్రమునకు మిత్రములు కావు. కావున డిస్కు చెడునా, చెడదా అను ప్రశ్న వలదు. ఎప్పుడు చెడును, చెడినపుడు మనము సిద్ధముగా ఉందుమా అనునదియే ప్రశ్న.

నాలుగు చీటీల ఉపాయము

ఒక డిస్కు చెడినను పని ఆగకుండుటకు అనేక డిస్కులను జతచేయు పద్ధతి యొకటి కలదు. దీనిని రెయిడ్ అందురు. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు తమ పత్రములో దీని రకములను వివరించిరి. దీని కిటుకు మన కళ్లములోనే చూపవచ్చును.

ముగ్గురు రైతులు తమ తమ మిరపకాయ బస్తాల సంఖ్యను మూడు చీటీలపై వ్రాసిరనుకొందము. మొదటివాడు 12, రెండవవాడు 9, మూడవవాడు 15. నాలుగవ చీటీపై ఆ మూడింటి మొత్తము 36 అని వ్రాసి వేరుగా ఉంచిరి. రెండవవాని చీటీ గాలికి కొట్టుకొనిపోయినది. భయము లేదు. 36లో నుండి 12, 15 తీసివేసిన 9 వచ్చును. పోయిన అంకె తిరిగి దొరకినది. మొత్తము వ్రాసిన చీటీయే పోయినను, మూడింటిని కూడి మరల వ్రాసికొనవచ్చును. కాని రెండు చీటీలు పోయినచో? మిగిలినవి 12, 36 మాత్రమే. పోయిన రెండు కలిసి 24 అని తెలియును గాని ఎవరిది ఎంతయో బ్రహ్మకైనను తెలియదు.

నాలుగు డిస్కుల కూటమిలో జరుగునది ఇదియే. మూడు డిస్కుల పాలు సమాచారము, ఒక డిస్కు పాలు మొత్తపు చీటీ. అయితే రెండు భేదములు కలవు. మొదటిది, కంప్యూటరు కూడికకు మారుగా సరి బేసి లెక్క చూచును. ఒకే వరుసలోనున్న ఒకట్ల సంఖ్య సరియగునట్లు నాలుగవ గుర్తును వ్రాయును. రెండవది, మొత్తపు చీటీ ఒకే డిస్కుమీద ఉండదు. వరుస మారిన కొలది ఒక్కొక్క డిస్కుమీదికి మారుచుండును. ఒక పుస్తకపు పుటలను విప్పి నలుగురికి వంతులవారీగా పంచినట్లు, సమాచారము ముక్కలై నాలుగు డిస్కులమీద ఉండును. ఏ పుట ఎవరి యొద్ద ఉన్నదో ఆ క్రమము తప్పినచో, పుటలన్నియు ఉండియు పుస్తకము చదువుటకు వీలుపడదు.

మా ఇంట జరిగినది

ఇక మా అనుభవము చెప్పెదము. ఇందులో మా తప్పులే ఎక్కువ. అయినను దాచుకొనిన తప్పు ఎవరికిని పనికిరాదు గదా.

మా ఇంటి కంప్యూటరులో 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు అట్టి కూటమిగా అమర్చుకొంటిమి. పొలము కాగితములు, పత్తి మిరప లెక్కలు అందులోనే ఉంచితిమి. వాటికంటె విలువైనవి రెండు ఉండెను. మా ఊరి చెరువునకు నీరు తెచ్చు వాగు కాలువ ఒడ్డున పూర్వము పాతిన హద్దు రాళ్ల ఛాయాచిత్రములు మొదటివి. ఆ రాళ్లలో కొన్ని ఇప్పుడు లేవు. మా తండ్రిగారు తమ చివరి రోజులలో ఆ కాలువ పుట్టు పూర్వోత్తరములు, ఏ రాయి ఎచటనున్నదియు చెప్పుచుండగా మేము పట్టియుంచిన వారి కంఠధ్వని రెండవది. కాలువ ఆక్రమణ విషయమై పంచాయతీ వారు విచారణకు సిద్ధపడుచు ఈ ఆధారములను మమ్ములను కోరియుండిరి. వీటికి మరియొక ప్రతి మా యొద్ద లేదు. 'నాలుగు డిస్కులున్నవి గదా, ఒకటి పోయినను భయము లేద'ని ధైర్యముగా ఉంటిమి. అదియే మా మొదటి తప్పు.

వేసవి మొదటిలో మూడవ డిస్కు కూటమినుండి తప్పుకొనినది. కంప్యూటరు తన ధర్మము తాను నిర్వర్తించి, ఒక హెచ్చరిక ఉత్తరము పంపినది. ఆ ఉత్తరము చేరు పెట్టెను మేము తెరచి నెలలయినది. కంప్యూటరు యథాప్రకారము పనిచేయుచున్నందున మాకు ఏమియు తెలియలేదు. రెండు నెలలు మూడు డిస్కులమీదనే బండి నడచినది. నాలుగు చక్రముల బండి మూడు చక్రములపై నడచుచుండగా మేము బండిలో నిద్రించితిమి.

రోహిణీ కార్తెలో సంగతి గమనించి, క్రొత్త డిస్కు తెచ్చి మూడవ స్థానమున అమర్చితిమి. పోయిన భాగమును తిరిగి లెక్కగట్టి నింపుటకు కంప్యూటరు మిగిలిన మూడు డిస్కులను మొదటినుండి చివరివరకు చదువవలెను. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున చదివినను 4 టెరాబైట్లకు సుమారు 11 గంటలు పట్టును. ఏనాడును తెరువని మూలలను కూడ అప్పుడు తెరువవలసి వచ్చును. ఇంటి వాడకమునకు చేయు డిస్కులలో పలుమారు కోటి కోట్ల బిట్లు చదువునపుడు చదువలేని స్థలము ఒకటికి మించదని తయారుచేయువారు వ్రాయుదురు. కోటి కోట్ల బిట్లనగా సుమారు 12.5 టెరాబైట్లు. మేము చదువవలసినది మూడు డిస్కులు కలిపి 12 టెరాబైట్లు. వాస్తవమున డిస్కులు ఇంతకంటె మేలుగానే ఉండునుగాని, ప్రమాదము ఎచటనున్నదో ఈ లెక్క చూపుచున్నది.

సగము దారిలో మొదటి డిస్కుమీద చదువలేని స్థలమొకటి అడ్డుపడినది. కంప్యూటరు ఆ డిస్కును కూడ చెడినదానిగా ఎంచి తొలగించినది. నాలుగింటిలో రెండు పోయినవి. తెరమీద కూటమి లేదని వచ్చినది. క్రొత్త కూటమిని సృష్టింపవలెనా అను ప్రశ్నయు దాని వెంబడి వచ్చినది. మా వ్రేలు మీటమీదికి పోయినది. ప్రక్కనే ఇంజనీరింగు చదువుచున్న మా తమ్ముని కుమార్తె కూర్చుండియుండెను.

"ఆగండి పెదనాన్నా! అది నొక్కితే ఉన్నది కూడా పోతుంది."

"అది బాగుచేస్తానని అడుగుతున్నది గదమ్మా!"

"బాగుచేస్తానని కాదు పెదనాన్నా, కొత్తగా మొదలుపెడతానని అడుగుతున్నది. పాత పలక తుడిచి కొత్త లెక్క వేస్తానంటున్నది."

మేము చేయి తీసివేసితిమి. ఆ క్షణమున మా ఆధారములను కాపాడినది విద్య కాదు, యంత్రము కాదు. ఆగుము అని చెప్పగల మనిషి ప్రక్కన ఉండుటయే.

తిరిగి రాబట్టిన విధము

ఆ తరువాత చేసిన పనిని వరుసగా చెప్పెదము. ఏ కూటమి చెడినను ఈ క్రమమే వర్తించును.

మొదటిది, ఆపుట. కంప్యూటరును పద్ధతిగా ఆపివేసితిమి. చెడిన డిస్కు నడచుచున్న కొలది మరింత చెడును. మరల మరల వెలిగించి ఆర్పి చూచుట పుండును గోకుట వంటిది.

రెండవది, గుర్తులు పెట్టుట. ఏ డిస్కు ఏ అరలో ఉన్నదో, దాని సంఖ్య ఏదో కాగితముపై వ్రాసి, డిస్కుమీద చీటీ అంటించి, ఛాయాచిత్రము తీసి, అప్పుడు బయటికి తీసితిమి. పంపకములో పుటల క్రమము పోరాదని ముందే చెప్పియుంటిమి.

మూడవది, లక్షణము చూచుట. టిక్కు టిక్కుమని కొట్టుకొను డిస్కు, తిరుగని డిస్కు, కాలిన వాసన వచ్చు డిస్కు ఇంట బాగుపడవు. వాటిని శుభ్రమైన గదులు గల ప్రయోగశాలలకు పంపవలెను. డిస్కు మూత ఇంట తెరచుట, మంచు పెట్టెలో ఉంచుట, బియ్యములో పూడ్చుట వంటి చిట్కాలు ఎవరు చెప్పినను వినరాదు. మా డిస్కులు నాలుగును చక్కగానే తిరుగుచుండెను. మూడవది జారిన తీగ వలన తప్పుకొనినది, మొదటిది ఒక చిన్న గాయము వలన తొలగింపబడినది. రెండును చచ్చినవి కావు.

నాలుగవది, నకళ్లు తీయుట. ఇది అన్నింటిలోను ముఖ్యము. అసలు డిస్కులమీద ఏ ప్రయోగమును చేయలేదు. వేరు డిస్కులు సంపాదించి, అసలు వాటిని మొదటి గుర్తునుండి చివరి గుర్తువరకు నకలు చేసితిమి. ఇందులకు డీడీరెస్క్యూ అను ఉచిత సాధనము వాడితిమి. దాని నేర్పు చూడుడు. అది మొదట బాగున్న స్థలములన్నియు చదువుకొని, చెడిన స్థలములను గుర్తుపెట్టుకొని దాటిపోవును. అంతయు ముగిసిన తరువాత, చెడిన చోట్లకు తిరిగి వచ్చి ఓపికతో కొంచెము కొంచెము చదువును. ఎంతవరకు చదివినదో ఒక పట్టికలో వ్రాసికొనును గనుక, నడుమ కరెంటు పోయినను మొదటినుండి మొదలుపెట్ట నక్కరలేదు. తెలివిగల రైతు వానకు ముందు కళ్లములోని మంచి కాయను ముందు ఎత్తి, తాలుకాయ సంగతి తరువాత చూచినట్లు అది పనిచేయును. రెండవ, నాలుగవ డిస్కులు పూర్తిగా నకలయినవి. మొదటి డిస్కులో 64 కిలోబైట్లు తప్ప మిగిలినదంతయు వచ్చినది.

అయిదవది, చేర్చుట. ప్రతి డిస్కు తలమీద తాను ఏ కూటమికి చెందినదో, తన స్థానమేదో, చివరిసారి ఎన్నవ మార్పు వరకు చూచినదో వ్రాసియుండును. మొదటి, రెండవ, నాలుగవ డిస్కుల లెక్క దాదాపు ఒకటిగా ఉండెను. మూడవది రెండు నెలలు వెనుకబడియుండెను. 'ఇదియు తిరుగుచున్నది గదా, దీనిని కూడ చేర్చిన పోలా' అని మాకు తోచినది. అది గొప్ప ప్రమాదము. ఈ సంవత్సరపు అడంగలులో పాత సంవత్సరపు పుటలు కుట్టినచో, పుస్తకము నిండుగా కనిపించును గాని ఏ అంకెయు నమ్మదగినది కాదు. కావున దానిని ప్రక్కనబెట్టి, మిగిలిన మూడింటి నకళ్లను మాత్రమే జతచేసితిమి. క్రొత్తగా సృష్టించుట కాదు, ఉన్నదానిని జతచేయుట. ఈ రెండు ఆజ్ఞల భేదము ప్రాణమునకు మరణమునకు గల భేదము. జతచేసి, చదువుటకు మాత్రమే తెరచితిమి. ఒక్క అక్షరమైనను వ్రాయనీయలేదు.

కూటమి కనులు తెరచినది. మొదట హద్దు రాళ్ల చిత్రములను, తండ్రిగారి కంఠధ్వనిని వేరు చోటికి ఎత్తుకొంటిమి. లెక్కలు, తక్కినవి తరువాత. ఇల్లు కాలునపుడు ముందు బిడ్డను తీసికొందుముగాని బియ్యపు బస్తాను కాదు గదా.

పనికిరాదనుకొన్నది పనికివచ్చుట

చిత్రములన్నియు చక్కగా ఉన్నవి. కాని ధ్వనిలో ఒకచోట మాట తెగినది. చదువలేని ఆ 64 కిలోబైట్లు అచటనే పడినవి. అవి సుమారు 4 సెకనుల మాటకు సమానము. కాలువ తూర్పునకు తిరుగు చోటనున్న రాతిని గూర్చి చెప్పుచుండగా మాట ఆగి, తరువాతి రాతివద్ద మరల మొదలగుచుండెను. విచారణలో అడుగబోవునది ఆ మలుపును గూర్చియే.

అప్పుడు మా అమ్మాయి ప్రక్కనబెట్టిన మూడవ డిస్కును చేతికి తీసికొనినది. "పెదనాన్నా, తాతయ్య మాటలు పట్టింది ఎన్నో ఏళ్ల క్రితం. ఈ డిస్కు వెనుకబడింది రెండు నెలలే. ఆ వరుసలో ఈ రెండు నెలల్లో ఎవరూ ఏమీ రాయకపోతే, ఈ చీటీ ఇంకా సరైనదే" అని చెప్పినది.

ఆ మాట సత్యము. కూటమి మొత్తమునకు మూడవ డిస్కు పాతదే. కాని మార్పు జరుగని వరుసలవరకు అది ఎప్పటివలె సత్యమునే చెప్పును. దానికిని నకలు తీసి, తెగిన ఆ చోటున మాత్రము రెండు, మూడు, నాలుగు డిస్కుల గుర్తులతో సరి బేసి లెక్క వేసి, మొదటి డిస్కులో పోయిన ముక్కను కట్టితిమి. ధ్వనిని మరల వినిపించితిమి. మాట తెగలేదు. రాయి ఉన్న చోటు తండ్రిగారి నోటనే వింటిమి. ఇంట ఎవరును కొంతసేపు మాటలాడలేదు.

ఈ కథ సుఖాంతమైనదని మీరు సంతోషింపవచ్చును. మేము మాత్రము సంతోషముకంటె సిగ్గును ఎక్కువగా పొందితిమి. వారముల తరబడి శ్రమ, అరువు తెచ్చిన డిస్కులు, నిద్రలేని రాత్రులు అన్నియు ఒక్క రెండవ ప్రతి లేకపోవుట వలన వచ్చినవి. చదువలేని స్థలము మరి కొంచెము పెద్దదైనను, ఆ మీట నొక్కియున్నను, ఈ కథ వేరుగా ముగిసియుండెడిది.

కూటమి వేరు, ప్రతి వేరు

కావున మా ముఖ్యమైన మాట ఇది. డిస్కుల కూటమి రెండవ ప్రతి కాదు. ఒక డిస్కు చెడినను పని ఆగకుండ చూచుటవరకే దాని ధర్మము. పొరపాటున ఒక దస్త్రమును చెరిపివేసినచో నాలుగు డిస్కులమీదను ఒకేసారి చెరిగిపోవును. పిడుగు పడినచో నాలుగును ఒకేసారి కాలును. దొంగ పెట్టెను ఎత్తుకొనిపోయినచో నాలుగును పోవును. దస్త్రములకు తాళము వేసి డబ్బు అడుగు దుష్ట ప్రోగ్రాములు ప్రవేశించినచో నాలుగింటికిని తాళము పడును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను మీలో పెద్దలు ఎరుగుదురు. ఇల్లే కొట్టుకొనిపోయినపుడు, ఆ ఇంటిలో రెండు ప్రతులు ఉన్నను పది ప్రతులు ఉన్నను ఒకటే.

ప్రతి ఉన్నదని అనుకొనుటయు చాలదు. 1998లో అమెరికాలోని పిక్సార్ అను చిత్రనిర్మాణ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' అను బొమ్మల చలనచిత్రపు పని నడుచుచుండగా, ఒక ఆజ్ఞ పొరపాటున చిత్రములో అధిక భాగమును చెరిపివేసినది. ప్రతులున్నవి గదా అని చూడగా, అవి సరిగా వ్రాయబడుట లేదని అప్పుడు తెలిసినది. గ్యాలిన్ సస్మన్ అను ఉద్యోగిని పసిబిడ్డ కారణమున ఇంటినుండి పనిచేయుచు, తన ఇంటి కంప్యూటరులో ఒక ప్రతిని ఉంచుకొనియుండెను. ఆ ఇంటి ప్రతియే వారిని ఒడ్డున చేర్చినది. అంతటి సంస్థకే అట్లయినపుడు మన సంగతి చెప్పనేల?

పంచాయతీలు చేయదగినది

మీ గ్రామమున ఈ విషయమున చేయదగిన పనులు కష్టమైనవి కావు.

మొదట, పంచాయతీ కంప్యూటరులో మాత్రమే ఉన్నవేవో, మరియొక చోట లేనివేవో జాబితా వ్రాయింపుడు. ఆ జాబితాయే మీ కర్తవ్యమును చెప్పును.

ముఖ్యమైన ప్రతి దస్త్రమునకు మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు విధములైన సాధనములమీద ఉండవలెను. ఒకటి వేరొక ఊరనో, కనీసము వేరొక కట్టడముననో ఉండవలెను. ఒక ప్రతి ఎప్పుడును కంప్యూటరునకు తగిలించి ఉంచరాదు. పెన్‌డ్రైవులను ఏండ్ల తరబడి బీరువాలో ఉంచి నమ్మరాదు.

మూడు నెలలకొకసారి ఒక ప్రతిని తెరచి, ఏదేని నాలుగు దస్త్రములు చదివి చూడుడు. తెరచి చూడని ప్రతి, బద్దలు కొట్టి చూడని కొబ్బరికాయ వంటిది. లోపల ఏమున్నదో ఎవరు చెప్పగలరు?

డిస్కుల కూటమి ఉన్నచో, నెలకొకసారి దానిని ఆసాంతము చదివించి సరిచూపించుడు. మేము ఆ పని చేసియుండినచో, నాలుగు డిస్కులు ఉన్న కాలముననే మొదటిదాని గాయము బయటపడి, తక్కిన వాటినుండి మానిపోయెడిది. హెచ్చరిక ఉత్తరములు ఒక మనిషికి కాక ఇద్దరికి చేరునట్లు ఏర్పాటు చేయుడు.

కరెంటు ఆగినను కొంతసేపు నడిపించు యూపీఎస్ పెట్టె ఉండవలెను. వ్రాయుచుండగా కరెంటు పోయినచో చీటీలకును మొత్తమునకును పొత్తు తప్పును. దాని బ్యాటరీ బలహీనమైనచో మార్పించుడు. కంప్యూటరును కిటికీ ఎండలోను, దుమ్ములోను ఉంచవలదు.

చెడిన డిస్కును అమ్మునపుడును, బాగుచేతకు ఇచ్చునపుడును జాగ్రత్త వలెను. ఇంటి పన్ను వివరములు, ఆధారు నకళ్లు, పింఛనుదారుల పేర్లు అందులో ఉండును. మనకు చదువరాని డిస్కు వేరొకనికి చదువ వచ్చును. ఎవరికి ఇచ్చితిరో, ఎప్పుడు తిరిగి తీసికొంటిరో వ్రాసి ఉంచుడు.

కటకట పడిన సమయమున మాత్రము ఒక్కటే సూత్రము. ఆపుడు, గుర్తు పెట్టుడు, నకలు తీయుడు, అటుపిమ్మటనే బాగుచేయుడు. తెరమీది ప్రశ్న అర్థము కానపుడు అవునని చెప్పవలదు. తెలిసినవారు వచ్చువరకు ఆగుట వలన పోయినదేమియు లేదు. తొందరపడుట వలన ఉన్నదియు పోవును.

మీ గ్రామములలో ఇంజనీరింగు, డిప్లొమా చదివిన బాలురు, బాలికలు ఎందరో కలరు. 'చిన్నపిల్లలకేమి తెలియున'ని వారిని ప్రక్కకు నెట్టకుడు. పెద్దలకు హద్దు రాళ్లు తెలియును, పిల్లలకు డిస్కులు తెలియును. ఈ రెండు తెలివులు ఒక బల్లవద్ద కూర్చున్ననాడు గ్రామపు దస్త్రమునకు లోటు రాదు.

మా కాలువ విచారణ ఇంకను ముగియలేదు. ఫలితమెట్లున్నను, చెప్పవలసినది చెప్పుటకు ఆధారము మిగిలినది. ఇప్పుడు ఆ చిత్రములకు, ఆ కంఠధ్వనికి మూడు ప్రతులు కలవు. ఒకటి మా ఇంట, ఒకటి పంచాయతీ బీరువాలో, ఒకటి ఒంగోలులోని బంధువుల ఇంట. మీరును ఈ దినమే ఇంటికి పోయి, మరల దొరకనిది ఏదో ఒక్కటి ఎంచుకొని దానికి రెండవ ప్రతి తీయించుడు. తక్కినవి రేపటినుండి.